తక్కువ ఉన్నవాడి కొలతే కొలత

స్నేహితుడితో కలిసి సముద్రపు ఒడ్డు ఊళ్ళు చూసి రావాలనుకునేవాళ్ళు మొదట ఊరు ఎంచుకుంటారు. తర్వాత తేదీ చూస్తారు, ఆ తర్వాత రైలు. డబ్బు మాట చివర్లో వస్తుంది, చాలాసార్లు రానే రాదు. ఎవరికి ఈత వచ్చు, ఎవరికి మోకాలు నొప్పి, ఎవరు సోమవారం పొద్దున తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి అన్న సంగతులు దారిలో ఒక్కొక్కటే బయటపడతాయి. చిన్ననాటి నుంచి కలిసి తిరిగిన ఇద్దరు రెండు రోజుల యాత్ర చేసి వచ్చి, ఆ తర్వాత ఫోన్లు తగ్గించుకోవడం మనందరం ఎక్కడో ఒకచోట చూసిందే. అలా జరిగిన చోట తప్పు ఊరిది కాదు, హోటలుదీ కాదు. బయలుదేరకముందు మాట్లాడుకోవాల్సినవి మాట్లాడుకోలేదు, అంతే.

ఈ అధ్యాయంలో నేను చెప్పేది ఒకే నియమం. ఇద్దరిలో ఏ విషయంలో ఎవరికి తక్కువ ఉందో, ఆ విషయంలో వాళ్ళ మాటే చెల్లాలి. డబ్బు తక్కువ ఉన్నవాడు ఖర్చు ఎంతో చెప్పాలి. ఈత రానివాడు నీళ్ళలోకి ఎంత దూరం దిగాలో చెప్పాలి. ఓపిక తక్కువ ఉన్నవాడు ఎంత నడవాలో, సెలవు తక్కువ దొరికేవాడు ఎన్ని రోజులు ఉండాలో చెప్పాలి. రెండోవాడు ఆ కొలతలో ఇమిడిపోవాలి, మొహం మాడ్చుకోకుండా.

వినడానికి తేలికగానే ఉంటుంది. ఆచరణలో కష్టం ఎక్కడంటే, తక్కువ ఉన్నవాడు ఆ సంగతి నోరు తెరిచి చెప్పడు. ఎక్కువ ఉన్నవాడికి అది తట్టదు.

ముందు డబ్బు

ఇద్దరు స్నేహితులు ఉన్నారనుకోండి. ఒకరు గూడూరు నిమ్మకాయల మార్కెట్లో కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తారు. ఇంకొకరు చెన్నైలో కంప్యూటర్ ఉద్యోగం. పదో తరగతి దాకా ఒకే బెంచీ. చెన్నైలో ఉన్నాయన ఫోన్ చేసి "సంక్రాంతి సెలవులకు పాండిచ్చేరి పోదాం మామా, రూము నేను చూస్తాలే" అంటాడు. ఆ మాటలో ప్రేమ ఉంది, సందేహం లేదు. కానీ ఇవతల ఉన్నాయన మనసులో లెక్క మొదలవుతుంది. రూము వాడు చూస్తే భోజనాలు నేను చూడాలి గదా? వాడు వెళ్ళే హోటల్లో ఇద్దరికి ఎంతవుతుంది? కారు మాట్లాడితే సగం ఇవ్వొద్దూ? ఈ లెక్క తేలక "ఇంట్లో అమ్మకు బాగాలేదు మామా, ఈసారికి వద్దు" అని ఒక అబద్ధం పుడుతుంది. లేదంటే వెళ్తాడు, వెళ్ళి రెండు రోజులూ ప్రతి బిల్లు దగ్గరా బిగుసుకుపోతాడు.

ఇక్కడ మొదట నోరు తెరవాల్సింది ఎక్కువ ఉన్నాయనే. అయితే అడిగే తీరు ఉంది. "నీ కాడ ఎంతుంది?" అని అడగకూడదు. అది ఆరా తీసినట్టు ఉంటుంది. "ఎంతలో పోయొద్దాం, నువ్వు చెప్పు" అనాలి. అవతలాయన "ఇద్దరికీ కలిపి నాలుగువేలలో అయితే చూద్దాం" అంటే, ఆ నాలుగువేలే యాత్ర. పాండిచ్చేరి కుదరదు, దగ్గర్లోని తూపిలిపాలెం తీరం కుదురుతుంది. "ఇంకో రెండువేలు నేనేసుకుంటాలే" అని మధ్యలో కలపకండి. మీ స్నేహితుడికి ఏదైనా పెట్టాలని నిజంగా ఉంటే పండక్కి బట్టలు పెట్టండి, వాళ్ళ పాప పుట్టినరోజుకు ఏదైనా కొనివ్వండి. యాత్ర మధ్యలో ఇచ్చే డబ్బు కానుకగా మిగలదు, బాకీ అయి కూర్చుంటుంది.

ఒప్పుకున్న మొత్తంలో చెరిసగం బయలుదేరేటప్పుడే ఒకచోట వేసి, ఒకరి చేతిలో పెట్టండి. బస్సు టికెట్, టీ, ఆటో, భోజనం అన్నీ అందులోంచే పోవాలి. ఎవరు ఎంత పెట్టారన్న ప్రశ్నే తలెత్తదు. తీరంలో ఉన్న చిన్న ఊళ్ళలో ఫోన్ సిగ్నల్ అన్నిచోట్లా అందదు కాబట్టి పది, ఇరవై, యాభై నోట్లు దగ్గర ఉంచుకోవడం మంచిది. కొబ్బరిబోండాల అతనికి ఐదువందల నోటు చూపించి నిలబడటం ఇద్దరికీ ఇబ్బందే.

దగ్గరి తీరం నుంచి మొదలుపెట్టండి

సముద్రం చూడాలంటే గోవానో విశాఖపట్నమో పోవాలన్న భ్రమ మన గూడూరు వాళ్ళలో చాలామందికి ఉంది. అది నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే ఇంత వీలైన చోట ఉండి ఆ వీలును వాడుకోనివాళ్ళం మనమే. గూడూరు జంక్షన్ చెన్నై నుంచి విజయవాడ మీదుగా హౌరా పోయే ప్రధాన మార్గంలో ఉంది. ఇక్కడి నుంచే వెంకటగిరి, శ్రీకాళహస్తి మీదుగా రేణిగుంటకు మార్గం చీలుతుంది. ఉత్తరాన నెల్లూరు నలభై కిలోమీటర్ల లోపే. దక్షిణాన సూళ్ళూరుపేట యాభై అయిదు కిలోమీటర్లు. చెన్నై నూట నలభై కిలోమీటర్లు. నెల్లూరు జిల్లాలో ఉన్నా, 2022 ఏప్రిల్లో తిరుపతి జిల్లాలో కలిసినా, ఈ ఊరికి సముద్రం ఎప్పుడూ తూర్పున గంట, గంటన్నర ప్రయాణమే.

గూడూరు బస్టాండులో కోట, వాకాడు వైపు బస్సు ఎక్కండి. వాకాడు నుంచి ఆటోలో తూపిలిపాలెం తీరానికి పోవచ్చు. దారి పొడుగునా వరి మళ్ళు, రొయ్యల చెరువులు, ఇసుక దిబ్బలు, సరుగుడు తోటలు. మన ప్రాంతపు ఇసుకలో సిలికా ఎక్కువ. చిల్లకూరు, కోట మండలాల్లోని ఈ తెల్లటి ఇసుక గాజు పరిశ్రమలకు పోతుంది. వాకాడు దగ్గర స్వర్ణముఖి దాటుతారు. శ్రీకాళహస్తి గుడి పక్కన మీరు చూసే ఏరే ఇది, ఇక్కడి నుంచి సముద్రం వైపు పోతుంది. మాజీ ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డిగారి సొంత ఊరు కూడా వాకాడే.

ఇంకొంచెం దక్షిణంగా దుర్గరాజపట్నం ఉంది. ఇప్పుడు చూస్తే మామూలు పల్లె. కానీ 1626లో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీవాళ్ళు మచిలీపట్నంలో స్థానిక అధికారుల ఒత్తిడి, డచ్చివాళ్ళ పోటీ తట్టుకోలేక ఇక్కడికి వచ్చి వర్తకస్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ రికార్డుల్లో దీని పేరు ఆర్మగాన్. ఇక్కడ వాళ్ళకు కావాల్సిన బట్టలు కావాల్సినంత దొరకలేదు. స్థావరానికి అధికారిగా ఉన్న ఫ్రాన్సిస్ డే 1639లో దక్షిణానికి పోయి, దామర్ల నాయకుల దగ్గర మద్రాసపట్నంలో చోటు సంపాదించాడు. 1640లో కంపెనీ తట్టాబుట్టా సర్దుకుని అక్కడికి మారింది. ఫోర్ట్ సెయింట్ జార్జి కోట, దాని చుట్టూ పెరిగిన చెన్నై మహానగరం ఆ తర్వాతివి. ఆ నగరానికి ఉద్యోగాలకు పోయే మనవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళలో దుర్గరాజపట్నం చూసినవాళ్ళు ఎంతమంది?

2014 రాష్ట్ర విభజన చట్టంలో ఇక్కడ పెద్ద ఓడరేవు కట్టాలని, మొదటి దశ 2018 చివరికి పూర్తి చేయాలని రాశారు. ఆ గడువు దాటిపోయింది, రేవు రాలేదు. అందువల్ల తీరం ఇంకా నిశ్శబ్దంగానే ఉంది. స్నేహితుడితో పోయేవాడికి నేను ఇలాంటి చోటే చూపిస్తాను. చేయడానికి పెద్దగా పనేమీ లేని చోట మనుషులు మాట్లాడుకుంటారు. పది ఆకర్షణలున్న ఊళ్ళో ఒకటి చూసి ఇంకోదానికి పరుగెత్తడంతోనే పొద్దు గడిచిపోతుంది. ఇంటికి వచ్చాక స్నేహితుడి సంగతులు ఏమీ తెలియలేదని తోస్తుంది.

ఇలాంటి నిశ్శబ్దం వల్ల వచ్చే చిక్కు కూడా చెప్పాలి. ఇక్కడ బట్టలు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉంటాయని అనుకుని పోకండి. మామూలు రోజుల్లో మనుషులే కనిపించరు. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి వెళ్తుంటే ఆదివారం పొద్దున పోయి మధ్యాహ్నానికి తిరిగి రావడం మేలు. ఆటో అతన్ని వదిలేసి పంపకుండా, వెయిటింగుకు ఎంతో ముందే మాట్లాడుకుని అక్కడే ఉంచుకోండి. ఎక్కడికి పోతున్నదీ, ఎన్నింటికి తిరుగుముఖం పట్టేదీ ఇంట్లో ఒకరికి చెప్పి పోవడం మగవాళ్ళకూ అవసరమే.

నీళ్ళ దగ్గర

ఈ పుస్తకంలో మిగతా అధ్యాయాలు చదవకపోయినా పరవాలేదు, ఈ భాగం మాత్రం వదలకండి. ఎండాకాలం సెలవుల్లో, కార్తీక మాసంలో మన రాష్ట్ర తీరాల్లో కుర్రాళ్ళు సముద్రంలో కొట్టుకుపోయారన్న వార్త రాని సంవత్సరం లేదు. వాళ్ళలో చాలామంది స్నేహితులతో కలిసి వెళ్ళినవాళ్ళే. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి రెండోవాడు పోయిన కథలు అందులో ఎన్నో.

సముద్రం మనిషిని ఎలా లాగుతుందో తెలిస్తే సగం ప్రమాదం తప్పుతుంది. అలలు ఒడ్డుకు తెచ్చిన నీళ్ళు ఎక్కడో ఒకచోట వెనక్కి పోవాలి గదా. ఒడ్డుకు కొంచెం అవతల నీళ్ళ కింద ఇసుక మెట్ట ఉంటుంది. దానిలో ఎక్కడ సందు ఉంటే అక్కడి నుంచి నీళ్ళు సన్నటి పాయలా వేగంగా లోపలికి పోతాయి. ఆ చోట అలలు తక్కువగా విరుగుతాయి, నీళ్ళు కొంచెం నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి, నురగ ఒడ్డుకు రాకుండా లోపలికి పోతుంటుంది. సముద్రం తెలియనివాడు "ఇక్కడ అలలు లేవు, బాగుంది" అని సరిగ్గా అక్కడే దిగుతాడు. ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర కూడా ఇంతే. పైకి నిదానంగా ఉన్నా అడుగున లాగుడు ఉంటుంది. అలాంటి చోట్ల దిగనే వద్దు.

ఒకవేళ లాగుడులో పడితే ఒడ్డుకేసి నేరుగా ఈదకండి. ఎంత ఈతగాడైనా ఆ పాయకు ఎదురీదితే అలసిపోయి మునుగుతాడు. వెల్లకిలా తేలుతూ చెయ్యెత్తి కేక వేయండి. ఒడ్డుకు సమాంతరంగా, పక్కకు, మెల్లగా కదలండి. ఆ పాయ వెడల్పు సాధారణంగా ఎక్కువ ఉండదు. అది దాటాక అలలే ఒడ్డుకు తెస్తాయి. గట్టున ఉన్న స్నేహితుడు ఎంత ప్రాణం కొట్టుకున్నా దూకకూడదు. ఖాళీ నీళ్ళ క్యాను, తాడు, చీర, పంచె, ఏది తేలితే, ఏది అందితే అది విసరాలి. చుట్టుపక్కల చేపలు పట్టేవాళ్ళను పిలవాలి. వాళ్ళకు ఆ నీళ్ళు తెలిసినట్టు మనకు తెలియవు. 112కు గానీ, తీర పోలీసులకు 1093కు గానీ, కోస్ట్ గార్డుకు 1554కు గానీ ఫోన్ చేయాలి. ఈ మూడు నంబర్లూ ఇంటి దగ్గరే ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి.

మన నియమం ఇక్కడ ఎలా పనిచేస్తుందో చూడండి. ఇద్దరిలో ఒకరికి చెరువులో, బావిలో ఈత వచ్చు, ఇంకొకరికి రాదు. వచ్చినాయన లోపలికి పోతే రానాయనకు రెండే దారులు. ఒడ్డున నిలబడి భయపడటం, లేదా మొహమాటానికి వెనకాలే పోవడం. రెండో దారిలో పోయినవాళ్ళే పేపర్లోకి ఎక్కుతున్నారు. అందువల్ల ఇద్దరికీ హద్దు ఒకటే, మోకాలి లోతు. ఈత వచ్చినాయనకు అది చప్పగా అనిపించవచ్చు. ఆయనకు ఈత మీద అంత మోజుంటే ఊళ్ళో స్విమ్మింగ్ పూల్‌కు పోవచ్చు. చెరువులో నేర్చుకున్న ఈత సముద్రంలో సగమే పనికొస్తుంది, ఆ మాట కూడా మనసులో పెట్టుకోవాలి. మందు తాగి నీళ్ళలోకి దిగడం గురించి చర్చే లేదు. తాగాలనుకుంటే ఆ రోజు సముద్రం మానండి, సముద్రానికి పోతే ఆ రోజు మందు మానండి.

కాలం తెలుసుకుని పోవడం

మన తీరానికి రెండో వానాకాలం ఉంది. నైరుతి వానలు పోయాక అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు, వాటితోపాటు వాయుగుండాలు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే చెన్నై మునిగింది, మన వైపు రైళ్ళు ఆగిపోయాయి. ఈ మూడు నెలల్లో పోవాలనుకుంటే తేదీ గట్టిగా పట్టుకోకండి, వాతావరణశాఖ హెచ్చరిక చూసుకుని ముందురోజు రాత్రి నిర్ణయించుకోండి.

జనవరి, ఫిబ్రవరి అన్నిటికన్నా మంచివి. ఎండ మెత్తగా ఉంటుంది. సూర్యోదయం కూడా ఆలస్యం, ఆరున్నర దాటాకే. మే నెలలో అయితే ఆరు కాకముందే సూర్యుడు పైకి వచ్చేస్తాడు, ఎనిమిదింటికల్లా ఇసుక కాళ్ళకు అంటనివ్వదు. పొద్దున లేవలేని స్నేహితుడు ఉంటే మే నెలలో సూర్యోదయం కోసం పట్టుబట్టకండి, జనవరిలో తీసుకుపోండి.

చలికాలంలోనే పులికాట్ సరస్సుకు వలస పక్షులు వస్తాయి. మన దేశంలో ఒడిశాలోని చిలికా తర్వాత అంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే. పెద్దదే గానీ లోతు లేదు. ఆ లోతు లేకపోవడం వల్లే పొడుగు కాళ్ళ ఫ్లెమింగోలు నీళ్ళలో నిలబడి తలకిందులుగా ముక్కు ముంచి మేత వెతుక్కోగలుగుతాయి. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట పోయే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. రెండు వైపులా నీళ్ళు, అక్కడక్కడ గులాబీ చారల్లా పక్షులు. నడుం నొప్పి ఉన్నవాడికి, ఎక్కువ నడవలేనివాడికి ఇంతకంటే వీలైన చోటు లేదు. ఆటోలో కూర్చునే చూడొచ్చు. ఒక బైనాక్యులర్ తీసుకుపోండి, ఇద్దరికీ ఒకటి చాలు. ఒకరు చూస్తూ చెబుతుంటే ఇంకొకరు వినడం కూడా బాగుంటుంది.

దగ్గర్లోనే దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. ఆ చెరువులో నీళ్ళ మధ్య నిలిచిన చెట్ల మీద గూడబాతులు గూళ్ళు కట్టి పిల్లల్ని చేస్తాయి. ఆ ఊరివాళ్ళు వాటిని వేటాడనివ్వరు, చెదరగొట్టనివ్వరు. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్ళు పొలాలకు ఎరువుగా పనికొస్తాయని వాళ్ళ నమ్మకం, అనుభవం. 2001 నుంచి సూళ్ళూరుపేటలో ఫ్లెమింగో ఫెస్టివల్ జరుపుతున్నారు, మధ్యలో కొన్నేళ్ళు ఆగి మళ్ళీ మొదలైంది. పండగ రోజుల్లో సందడి ఉంటుంది, పక్షుల్ని తీరిగ్గా చూడటానికి మాత్రం ఆ రోజులు కాక వేరే రోజులు ఎంచుకోండి.

శ్రీహరికోటలో సముద్రం ఉంది, కానీ ఆ ఒడ్డు మనకు తెరిచి ఉండదు. 1971 అక్టోబరు 9న రోహిణి సౌండింగ్ రాకెట్ ఎగిరిన నాటి నుంచి అది ప్రయోగ కేంద్రం. 2002లో సతీష్ ధావన్ పేరు పెట్టారు. 2019లో జనం కూర్చుని ప్రయోగాలు చూడటానికి గ్యాలరీ కట్టారు. ముందుగా ఇస్రో వెబ్‌సైట్లో పేరు నమోదు చేసుకుని, గుర్తింపు కార్డుతో పోవాలి. ఇద్దరి పేర్లూ నమోదు కావాలి సుమా. ఒకరికి దొరికి ఇంకొకరికి దొరక్కపోతే ఇద్దరూ బయటి నుంచే చూడండి, సూళ్ళూరుపేట చుట్టుపక్కల ఎక్కడి నుంచైనా ఆకాశంలోకి పోయే ఆ మంట కనిపిస్తుంది. ప్రయోగాలు వాయిదా పడటం మామూలే కాబట్టి యాత్ర మొత్తాన్ని దాని మీద పెట్టకండి. పక్షుల కోసం పోండి, రాకెట్ ఎగిరితే అదనం.

తిండి

నెల్లూరు, గూడూరు వాళ్ళం చేపల పులుసు విషయంలో రాజీపడం. అయితే ఒక లెక్క గుర్తుంచుకోవాలి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, మరపడవలతో సముద్రంలో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అది. సరిగ్గా మన ఎండాకాలం సెలవులు అప్పుడే. ఆ రోజుల్లో "తాజా వంజరం, తాజా చందువా" అని ఎవరైనా అంటే ఒకటికి రెండుసార్లు అడగండి. ఐస్‌లో పెట్టినవి కావచ్చు, చెరువు చేపలు కావచ్చు. దానికి బదులు ఆ కాలంలో తాటిముంజలు దొరుకుతాయి, వాటికి సాటి లేదు.

చిన్న తీరాల్లో హోటళ్ళు ఉండవు కాబట్టి పొద్దున ఇంట్లో చేసిన పులిహోర, పెరుగన్నం కట్టుకుపోవడమే మంచిది. నాలుగు గూడూరు నిమ్మకాయలు, ఉప్పు, పంచదార, రెండు పెద్ద సీసాల మంచినీళ్ళు. ఎండలో తిరిగినవాళ్ళకు వేరే మందు అక్కర్లేదు.

ఇద్దరిలో ఒకరు శాకాహారి అయితే ఏం చేయాలి? ఇక్కడా అదే నియమం. తినగలిగేవి తక్కువ ఉన్నవాడికి ఏది దొరుకుతుందో చూసి హోటలు ఎంచుకోవాలి. చేపలు తినే ఆయనకు కోటలోనో నాయుడుపేటలోనో సాంబారు అన్నం దొరికితే కడుపు నిండుతుంది. శాకాహారికి చేపల హోటల్లో ఆ వాసన మధ్య కూర్చుని ఒట్టి పెరుగన్నం తినమనడం న్యాయం కాదు. పులుసు మీద మనసుంటే తిరుగు ప్రయాణంలో చేపలు కొనుక్కుని ఇంటికి తెచ్చుకోవచ్చు. ఎలాగూ ఆ పులుసు మర్నాటికే రుచి.

ఊరివాళ్ళతో

తీరంలో ఉన్నది ఎవరో ఒకరి ఊరు, వాళ్ళ జీవనాధారం. ఆరబెట్టిన వలల మీద అడుగు వేయకండి. ఒక వల చిరిగితే కుట్టడానికి వాళ్ళకు పూట పడుతుంది. పడవ ఎక్కి ఫొటో దిగాలంటే "అన్నా, ఎక్కొచ్చా?" అని అడగండి, ఎవరూ కాదనరు. గంగమ్మ గుడి ముందు చెప్పులు విప్పండి. ఎండు చేపలు ఆరబెట్టుకునే ముసలమ్మ దగ్గర ఆగి "అవ్వా, ఇయ్యాల వేట ఎట్టుంది?" అని అడిగి చూడండి. వయసులో చిన్నవాడు అడిగితే ఆవిడ సంతోషంగా చెబుతుంది. ఇది మీ ఇద్దరి మాటల్లోకి కొత్త సంగతి తెస్తుంది.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మన తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిపూట ఒడ్డెక్కి ఇసుకలో గుడ్లు పెడతాయి. ఆ రోజుల్లో చీకట్లో టార్చిలైట్లు వేసుకుని ఇసుకలో తిరగకండి, మంటలు వేయకండి. మీరు తెచ్చుకున్న ప్లాస్టిక్ మీతోనే వెనక్కి రావాలి.

కలిసి పోవడమంటే అతుక్కుని తిరగడం కాదు

పొద్దున లేచింది మొదలు రాత్రి పడుకునేదాకా ఒకరి పక్కన ఒకరు ఉండాల్సిన పని లేదు. ఒకరికి ఒడ్డున గంటసేపు నడవాలని ఉంటుంది, ఇంకొకరికి సరుగుడు నీడలో కండువా పరుచుకుని పడుకోవాలని ఉంటుంది. "గంటలో ఇక్కడికే వస్తా" అని చెప్పి పోండి. వెళ్ళేటప్పుడు చెప్పిన టైముకు కచ్చితంగా రండి. ఓపిక తక్కువ ఉన్నాయన కోసం ఇద్దరూ కూర్చోవాలని నేను చెప్పడం లేదు. ఆయన్ని లాక్కుపోకూడదని మాత్రమే చెబుతున్నాను.

మాటల్లో కూడా తక్కువ ఎక్కువలు ఉంటాయి. కొందరు బస్సు ఎక్కింది మొదలు మాట్లాడుతూనే ఉంటారు. కొందరికి నోరు పెగలడానికి సగం రోజు పడుతుంది. ఉద్యోగం పోయిన సంగతి, ఇంట్లో తగాదా, డాక్టరు చెప్పిన భయపెట్టే మాట, ఇలాంటివి మనుషులు ఇంటి వరండాలో చెప్పరు, ఫోన్లో చెప్పరు. నీళ్ళవైపు చూస్తూ, ఎదుటివాడి కళ్ళలోకి చూడాల్సిన అవసరం లేని చోట చెబుతారు. మాట తక్కువ ఉన్నాయనకు ఆ వీలు దొరకాలంటే మాట ఎక్కువ ఉన్నాయన కాసేపు ఊరుకోవాలి. ఫోన్ సంచిలో పెట్టాలి. చెప్పింది విన్నాక వెంటనే సలహా ఇవ్వకండి. "ఇప్పుడేం చేద్దామనుకుంటున్నావు?" అని అడగండి, చాలు. అక్కడ విన్నది అక్కడే ఉంచండి. ఇంటికొచ్చి భార్యకో ఇంకో స్నేహితుడికో చెప్పారంటే ఆయన ఇంకెప్పుడూ మీతో ఏదీ చెప్పడు.

దూరం పోవాలనుకుంటే

దగ్గరి తీరంలో ఒక రోజు బాగా గడిచాక దూరం ఆలోచించండి. ఒక రాత్రి ఉండి రావాలంటే చీరాల, బాపట్ల వైపు పోవచ్చు. రెండూ మన రైలు మార్గంలోనే ఉన్నాయి. చీరాల నుంచి వాడరేవు, బాపట్ల నుంచి సూర్యలంక ఆటో దూరమే. చీరాలలో చేనేత బట్టలు కూడా కొనుక్కోవచ్చు. శని, ఆదివారాల్లో అక్కడ హైదరాబాదు జనంతో గదుల ధరలు పెరుగుతాయి, వీలైతే వారం మధ్యలో పోండి. దక్షిణాన అయితే చెన్నై దాటి మహాబలిపురం. రాతిలో చెక్కిన పల్లవుల పని అది, 1984 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. అక్కడ నడక ఎక్కువ, ఎండ ఎక్కువ, మోకాళ్ళ సంగతి ముందు చూసుకోండి. విశాఖపట్నం, భీమిలి చూడాలంటే రాత్రి రైలు, కనీసం మూడు రోజులు. విశాఖ నుంచి భీమిలి దాకా సముద్రం పక్కనే పోయే రోడ్డు, భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూడదగ్గవి. కానీ ఒక్క రోజు కలిసి గడపని ఇద్దరు నేరుగా అంత దూరం పోవడాన్ని నేను ప్రోత్సహించను. ఒక రోజులో తేలని తేడా మూడు రోజుల్లో పెద్దదవుతుంది, మధ్యలో దిగి వెనక్కి రావడానికి కూడా ఉండదు.

ఈ పుస్తకం పక్కన పెట్టాక ఒక పని చేయండి. చాలాకాలంగా మీరు కలవని స్నేహితుడికి ఫోన్ చేయండి. ఊరి పేరు ఎత్తకండి, తేదీ చెప్పకండి. "ఒక రోజు సముద్రం దాకా పోయొద్దాం, నీకు ఎంతలో, ఎప్పుడు వీలవుతుందో నువ్వే చెప్పు" అని అడగండి. ఆయన చెప్పేదాకా మీరు మాట్లాడకండి.